కంచెకు పానం కడీ కాడ

వదినా, పెరటికి కంచె వేయిస్తనని నువ్వు అన్నప్పటి సంది నాకు అదే ధ్యాస. అన్న వెదురు తడికలు తెప్పిద్దామంటున్నడట కదా. చూడనీకి చక్కగనే ఉంటయ్, కాదనను. కాని ఒక్కసారి పెడితే మళ్ళ దాని దిక్కు చూసే పని ఉండొద్దని నువ్వే అంటున్నవ్. అట్లనైతే వెదురు మన భూమికి పనికి రాదు. మందు పట్టించని వెదురు పాతితే రెండు వానకాలాలు గడుస్తే గొప్ప. పైన కర్ర గట్టిగనే కనిపిస్తది, మట్టి కాడ పట్టి ఊపితే పుటుక్కున విరుగుతది. చెదలు లోపల్లోపలనే తింటయ్, బయటికి తెలువదు. తుమ్మ కర్ర అయినా, వేప కర్ర అయినా తొందర్ల అదే గతి. చేవ ఉన్న టేకు జర ఎక్కువ ఆగుతది గాని, ఇయ్యాల రేపు చేవ టేకు కొని కంచెకు పాతేటోళ్ళు ఎవరున్నరు?

ఒకటి గమనించు. పాత గుంజ పీకి చూస్తే అడుగు కొస మంచిగనే ఉంటది, పైకొస కూడ మంచిగనే ఉంటది. కుళ్ళేది నడుమ, మట్టి మట్టానికి జానెడు పైన, జానెడు కింద. తడి, గాలి రెండూ కలిసే జాగ అది. కట్టె కుళ్ళాలంటే రెండూ కావాలె. ఇనుప పైపు, యాంగిల్ పాతినా తుప్పు తొలుత పట్టేది అక్కడనే. అందుకే నేను ఒక్కటే మాట చెప్త: మన ఊర్ల కంచె పైనుంచి పాడు కాదు, కాళ్ళ కాడ పాడైతది. పైసలు పెట్టేది ఉంటే కాళ్ళకే పెట్టు. పైన ఏ జాలి కట్టినవ్, ఏ రంగు వేసినవ్ అన్నది తర్వాతి ముచ్చట.

మనది నల్లరేగడి కదా. బీదరు జిల్లా ఔరాద్ తాలూకాల ఎటు పోయినా చాన మటుకు ఇదే మట్టి. దక్కను నల్లరాయి అరిగి అరిగి అయిన మట్టి ఇది. దీంట్ల ఉన్న బంక నీళ్ళు తాగితే ఉబ్బుతది, ఎండితే ముడుచుకుంటది. ఎండకాలంల చేన్ల నెర్రెలు చూసినవ్ కదా, మోచెయ్యి దాక చెయ్యి పోతది. శనగకు, తొగరికి ఈ మట్టి బంగారమే, తడి దాచిపెట్టి చలికాలం పంటకు ఇస్తది. కాని గోడకు శత్రువు. ఏటా వానకు లేపుతది, ఎండకు దింపుతది, అంతా ఒక్క తీరుగ లేపినా బాగుండు, ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ లేపుతది. ఇంటి చూరు నీళ్ళు పడే దిక్కు ఉబ్బుతది, చెట్టు వేర్లు నీళ్ళు గుంజే దిక్కు కుంగుతది. ఊరి కొసకు ఒకాయన ఇటుకలతోని నడుమెత్తు పౌళి కట్టించిండు, గిలాబు చేయించి రంగు కూడ వేయించిండు. రెండో వానకాలానికే మూల కాడ మెట్లు మెట్లుగ పగిలింది. మేస్త్రిది తప్పు కాదు, సిమెంటుది తప్పు కాదు. పునాది మొలలోతు కూడ లేదు, కింద మట్టేమో ఏడాది పొడుగూ కదులుతుండె.

ఈ మట్టికి మందు కనిపెట్టిన్రు, లేదని కాదు. రూర్కీల కేంద్ర భవన నిర్మాణ పరిశోధన సంస్థ ఉన్నది కదా, వాళ్ళు నల్లరేగడి కోసమే ఒక తీరు పునాది తయారు చేసిన్రు. మూడున్నర మీటర్ల దాక సన్నటి గుంత తీసి, అడుగున గుంతను గంట తీరు వెడల్పు చేసి కాంక్రీటు పోస్తరు. తడి, పొడి మారని లోతుల ఆ గంట పట్టుకోని కూసుంటది, పైన మట్టి ఎంత ఎగిరినా గుంజను లేపలేదు. ఇండ్లకు అది అవసరం. బెండ తోటకు, నాలుగు కరివేపాకు చెట్లకు అంత ఖర్చు ఎవరు పెడతరు? కాని దాంట్ల ఉన్న తెలివి మనం తీసుకోవచ్చు, ఆ ముచ్చట గుంతల కాడికి వచ్చినప్పుడు చెప్త.

కాబట్టి తోటకు పొడుగు గోడ వద్దు. విడివిడి కడీలు, నడుమ తీగ. మట్టి ఒక కడీని జర లేపినా తీగ సర్దుకుంటది, పగిలేది ఏమీ ఉండదు. ఇప్పుడు జహీరాబాద్ దిక్కు, సంగారెడ్డి దిక్కు ప్లాట్లకు పెడుతున్నరు చూడు, రెడీమేడ్ గోడలు, సిమెంటు గుంజల గాళ్ళల్ల పలకలు దించుతరు. అవి కూడ ఈ లెక్కన నల్లరేగడికి ఇటుక గోడ కంటె నయం. పలకలు వదులుగ కూసుంటయ్ కాబట్టి పగలవు. కాని గాలి ఆడదు, మడులకు పొద్దటి ఎండ రాదు, గుంజ ఒరిగితే పలక జారి పడుతది. పెరటికి నేనైతే పెట్టను.

ఇగ కడీల ముచ్చట. రాతి కడీని మించింది లేదు వదినా, ఇది నేను ఎక్కడన్నా నిలబడి చెప్త. మా తల్లిగారు నారాయణఖేడు దిక్కు కదా, అక్కడ తాతల నాడు పాతిన హద్దు కడీలు ఇప్పటికీ నిలబడి ఉన్నయ్. తీగ మారింది, పొలం పంచుకున్నరు, మనుషులు పోయిన్రు, కడీ మాత్రం అక్కడనే. చెదలు తినవు, తుప్పు పట్టదు, రంగు అడగదు. మన దగ్గరి నల్లరాయి గుండ్లు గుండ్లుగ, పగుళ్ళు పగుళ్ళుగ ఉంటది, పొడుగు కడీలు చీల్చనీకి అనువు కాదు. హైదరాబాద్ చుట్టు ఉన్న గ్రానైటు అందుకు పుట్టిన రాయి. గీత గీసి, ఆ గీత పొంటి వరుసగ రంధ్రాలు వేసి, ఇనుప సీలలు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి సుత్తెతోని కొట్టుకుంట పోతే రాయి గీత వెంట నిలువునా చీలుతది. ఆ సుత్తె చప్పుడు మారుతుంటే రాయి ఎప్పుడు విడుస్తదో కొట్టేటాయనకు ముందే ఎరుకైతది. అంత పనితనం ఉన్న కడీ అది.

అక్కడి సంది లారీల రావాలె, బరువు ఎక్కువ, కిరాయి ఎక్కువ. నీ తోట చిన్నది కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి తెప్పించుకుంటే కిరాయి పంచుకోవచ్చు. కొనేటప్పుడు కడీ పొడుగునా కంటితోని చూడు. అడ్డంగ సన్నటి గీత ఏదన్నా కనిపిస్తే ఆ కడీ పక్కన పెట్టమను, ఎత్తి దించే కాడనే రెండు తునకలైతది. సుత్తెతోని మెల్లగ తట్టు, ఖంగుమంటే మంచిది, బద్దగ డబ్ మంటే లోపల పగులు ఉన్నట్టు.

దక్షిణం దిక్కు పోతే ఇంకో తీరు ఉన్నది. షాబాద్ బండ, తాండూరు బండ, మనం ఇండ్లల్ల పరుచుకునేటియే. ఆ రాళ్ళు దొరికే ఊర్లల్ల అవే బండలు నిలువుగ పాతి కంచె చేస్తరు. పక్క పక్కన నిలబెట్టి మూడో వంతు భూమిల దించితే పంది కాదు కదా, కోడిపిల్ల కూడ దూరదు. పొరలు పొరలుగ విడిచే సున్నపురాయి కాబట్టి కోసుడు సులువు. తోట చుట్టూ మొత్తం పెడితే ఖర్చు మీద పడుతది గాని, బజారు దిక్కు ఒక్క వరుస పెట్టుకున్నా మోకాలెత్తు దాక శాశ్వతంగ నిలుస్తది. బండలు ఒక్కదానికొకటి సిమెంటుతోని అతికించొద్దు. మట్టి కదిలినప్పుడు ఏ బండకాబండ కదలాలె.

రాయి దొరకకపోతే సిమెంటు కడీలు. అందరూ అవే పెడుతున్నరు, తప్పేం లేదు, కాని సిమెంటు కడీ మీద నమ్మకం దాన్ని పోసినాయన మీద ఉంటది. లోపల సలాకలు ఉంటయ్ కదా, ఆ సలాకల మీద సిమెంటు మందం బొటనవేలు అంతన్నా ఉండాలె. సలాక పైకి తేలి ఉంటే తేమ తగిలి తుప్పు పడుతది. తుప్పు పట్టిన ఇనుము ఊకనే ఉండదు, ఉబ్బుతది, లోపలి నుంచి తోసి సిమెంటు పెచ్చును ఊడగొడుతది. పాత కడీల మీద నిలువునా పగులు, పగుల్ల ఎర్రటి మరక చూసినవ్ కదా, అది బయటి దెబ్బ కాదు, లోపలి తుప్పు. ఇంకొకటి, పోసిన తెల్లారి అచ్చుల నుంచి తీసి ఎండల పారేస్తరు. సిమెంటుకు నీళ్ళే బలం. వారం పది రోజులు తడిపినది, తడపనిది కంటికి ఒక్క తీరుగనే కనిపిస్తయ్, నాలుగేండ్లకు తేడా బయట పడుతది. పోసే కాడికి పోయి చూడు, గోనె సంచులు కప్పి నీళ్ళు చల్లుతున్నరా, లేదా. తడుపుతలేరంటే ఎంత తక్కువకు ఇచ్చినా తేవద్దు.

ఇప్పుడు గుంత. అన్నకు ఇది తప్పకుండ చెప్పు, ఎందుకంటే కూలోళ్ళు గట్టి నేల రాంగనే అక్కడికి ఆపి కడీ నిలబెట్టేస్తరు. ఏడు అడుగుల కడీకి రెండు అడుగుల కంటె తక్కువ దించొద్దు, మనది రేగడి కాబట్టి రెండున్నర అయితే ఇంకా మంచిది. రోహిణి కార్తెల నెర్రెలు ఎంత లోతు పోతున్నయో కట్టె పెట్టి చూసుకో, నీ పెరట్ల మట్టి ఎంత లోతు ఆడుతదో అదే చెప్తది. తవ్వుడు మాత్రం ఒక్క వాన పడ్డంక పెట్టుకో, లేకుంటే గడ్డపార ఎగిరి ఎగిరి పడుతది, పని చేసేటోళ్ళ చేతులు పోతయ్. గుంత పైన సన్నగ, అడుగున వెడల్పుగ తియ్యాలె. చాన మంది ఉల్టా తీస్తరు, పైన వెడల్పు, కింద సన్నం. అట్ల తీసిన గుంతల కాంక్రీటు పోస్తే మట్టి ఉబ్బినప్పుడు ఆ ఏటవాలు కింద పట్టుకోని కడీని పైకి నెడుతది. నేను చెప్పిన రూర్కీ గంట ముచ్చట ఇదే, చిన్న ఎత్తుల. అడుగున వెడల్పు ఉంటే మట్టే దాన్ని కిందికి అదిమి పట్టుకుంటది.

గుంత అడుగున రెండు తట్టల మొరం వేసి దిమ్మిస కొట్టు. కడీ నిలబెట్టి కంకర కాంక్రీటు అడుగున పోసి, పైన మళ్ళ మొరమే నింపు. తవ్విన నల్లమట్టి మళ్ళ గుంతల వెయ్యొద్దు వదినా, అందరూ చేసే తప్పు అదే. ఆ మట్టిని మడులల్ల వేసుకో, టమాటకు పనికొస్తది. ఇనుప పైపో, యాంగిలో పెడితే కాంక్రీటును నేల కంటె రెండు వేళ్ళు పైకి తెచ్చి, నాలుగు దిక్కుల వాలు పెట్టి సాపు చెయ్యమను. నీళ్ళు కడీ మొదట్ల నిలవకుండ జారిపోవాలె.

మూలలు, గేటు పక్కలు వేరే లెక్క. నడుమ కడీలు తీగను ఎత్తి పట్టుకునుడు తప్ప ఇంకేం చెయ్యవు, గుంజే బరువంతా మూల కడీ మీదనే. మూల కాడ రెండు దిక్కుల సపోర్టు కడీలు ఏటవాలుగ పెట్టాలె, వాటికి కూడ గుంత, కాంక్రీటు ఉండాలె. నేల మీద ఊకె ఆనిస్తే ఒక్క వానకు జారుతయ్. నడుమ కడీలు ఎనిమిది అడుగులకు ఒకటి చాలు. పైసలు మిగుల్చుకుందామంటే నడుమ కడీల కాడ మిగుల్చుకో, మూల కాడ కాదు.

ఇగ జాలి. ఇనుప తీగ మీద జస్తా పూత ఉంటది కదా, ఆ జస్తా ఎంత మందం ఉంటే జాలి అంత కాలం. జస్తా ఊకె మూత పెట్టినట్టు ఉండుడు కాదు, తాను ముందు కరిగి ఇనుమును కాపాడుతది. చిన్న గీత పడినా పక్కన ఉన్న జస్తా కరుగుకుంట ఆ గీతను కాస్తది. అది అయిపోయిన నాడే తుప్పు మొదలైతది. కాకినాడ, మచిలీపట్నం దిక్కు సముద్రపు ఉప్పు గాలికి ఈ పూత తొందర్ల పోతది. మనకు సముద్రం దూరం, బీదరు జిల్లాల వాన ఏడాదికి సుమారు 850 మిల్లీమీటర్లు, అది కూడ చాన మటుకు నాలుగు నెలలల్లనే. మిగిలిన ఎనిమిది నెలలు పొడి గాలి. జస్తా తీగకు ఇంత కంటె మంచి దేశం లేదు. అందుకే మన దగ్గర జాలి మీద నాలుగు పైసలు ఎక్కువ పెట్టినా ఆ పైసలు వసూలైతయ్.

దుకాణంల గేజీ అడుగుతరు. అంకె పెద్దగైతే తీగ సన్నం అని గుర్తు పెట్టుకో. 10 గేజీ అంటే మూడు మిల్లీమీటర్ల పైన, 12 గేజీ అంటే రెండున్నర మిల్లీమీటర్ల పైన, 14 అంటే రెండు మిల్లీమీటర్లే. మేకలు ఆనుకుంటయ్, పిల్లలు ఎక్కుతరు, 12 కంటె సన్నం తీసుకోకు. తీగ మందం తెలిసింది గాని, పూత మందం ఎట్ల తెలవాలె? కంటికి అన్నీ తళతళ మెరుస్తయ్. దానికి మన ఇంట్లనే మందు ఉన్నది. తోటకు బోర్డో మిశ్రమం చేసేటందుకు మైలుతుత్తం తెస్తం కదా, అది ఒక గాజు గ్లాసుల నీళ్ళల్ల చిక్కగ కలుపు. దుకాణదారును అడిగి జానెడు తీగ తునక తెచ్చుకో. తుడిచి, ఆ నీలి నీళ్ళల్ల ఒక నిమిషం ముంచి తీసి, నీళ్ళతోని కడిగి గుడ్డతోని రుద్దు. నల్లటి మసి లెక్క వచ్చి రుద్దితే పోయిందంటే ఇంకా జస్తా ఉన్నట్టు. మళ్ళ ముంచు. ఎప్పుడైతే ఎర్రటి రాగి తీగను పట్టుకోని రుద్దినా పోదో, అక్కడ జస్తా అయిపోయి ఇనుము బయటపడ్డట్టు. రెండు దుకాణాల తునకలు పక్క పక్కన పెట్టి చూడు. ఒకటి తొలి ముంపుకే ఎర్రగైతది, ఒకటి మూడు నాలుగు ముంపులు ఓర్చుకుంటది. కోసిన కొసలు ఎట్లైనా ఎర్రగైతయ్, వాటిని లెక్కల పట్టకు. కర్మాగారాలల్ల జస్తా పూతను పరీక్షించే తీరు కూడ ఇదే. ఆ నీళ్ళు పిల్లలకు అందకుండ పెట్టు, గ్లాసు మళ్ళ తాగనీకి వాడకు.

ఒక మాట, పేడకుప్పను జాలికి ఆనించి వేస్తవేమో, వద్దు. పశువుల మూత్రం, పేడ జస్తాను తింటయ్. యూరియా సంచులు కూడ దానికి ఆనించొద్దు. రెండడుగుల ఎడం పెట్టు చాలు.

ముండ్ల తీగ పెడుదామని అన్న అన్నడట. చేనుకైతే సరే. ముండ్ల తీగ అమెరికాల ఇల్లినాయిల ఒక రైతు గ్లిడెన్ 1874 ల పేటెంటు తీసుకున్నది. చెట్లు లేని మైదానాలల్ల కట్టె కంచె వేసుకోలేక పుట్టింది అది. మనది ఇంటి వెనుక తోట, పిల్లలు ఆడుకునే జాగ. పైగ మీ కొట్టంల దేవణి ఆవు ఉన్నది, ఎంత సాధువో ఎరుకే కదా, మెడ గోక్కోనీకి ఏది దొరికితే దానికే రాసుకుంటది. పొదుగు చీరుకుంటే ఎవరికి బాధ? జాలి పైన ఒక్క వరుస కావాలంటే వేసుకో, కింద మాత్రం వద్దు.

కరెంటు ముచ్చట మాత్రం ఎవరు చెప్పినా వినకు. అడవిపందులకని కొందరు మెయిన్ లైను నుంచి తీగ గుంజి కంచెకు పెడుతున్నరు. పందులు సచ్చినయో లేదో గాని, తెల్లారంగ నీళ్ళు పెట్టనీకి పోయిన రైతులు, పక్క చేను పిల్లలు సచ్చిన్రు. అది నేరం, పానాలు తీసే పని. పందికి కింద రాయి చాలు. పంది చాన మటుకు ముట్టెతోని తవ్వే దూరుతది. జాలి అడుగున జానెడు లోతు కాలువ తీసి ఎర్రరాళ్ళు ఒక వరుస పెట్టు.

ఎర్రరాయి అంటే యాదికొచ్చింది. పాత ఇండ్లు విప్పుతున్న కాడ ఎర్రరాళ్ళు దొరికితే వదలకు. బీదరు కిల్ల చూసినం కదా, 15వ శతాబ్దంల సుల్తాను అహ్మద్ షా వలీ గుల్బర్గా నుంచి రాజధాని మార్చి కట్టించిన కిల్ల. కందకాన్ని ఆ ఎర్రరాతి నేలలనే మూడు వరుసలు తొలిచిన్రు. భూమిల ఉన్నప్పుడు ఆ రాయి మెత్తగ, కత్తికి తెగేటట్టు ఉంటది. బయటికి తీసి గాలి తగిలినంక గట్టి పడుతది. ఆరు వందల ఏండ్ల సంది ఎండకు, వానకు నిలబడ్డ రాయి మన జిల్లాల ఉండంగ, ప్లాస్టిక్ పలకల కంచె తెప్పించుకునుడు నాకు మనసొప్పదు. మన ఎండలు 40 డిగ్రీలు తాకుతయ్, ఆ ఎండకు నాసిరకం ప్లాస్టిక్ ఏదైనా తెల్లబడి పెళుసు పడుతది. గ్రీన్ నెట్ కూడ అంతే, రెండు ఎండలకు పేలికలైతది. దాని కంటె పాత చీరలు నయం, రైతులు కట్టుకుంటున్నరు, గాలికి ఊగితే పందులు బెదురుతయ్. కాని అది పంట చేతికొచ్చే దాక పెట్టుకునే ఏర్పాటు, కంచె కాదు.

చేన్ల ఏరిన నల్లరాళ్ళు కుప్ప పోసి ఉన్నయ్ కదా మీకు, వాటితోని వెనుక దిక్కు సిమెంటు లేకుండ రాతికట్టు పెట్టొచ్చు. మట్టి కదిలినా పగలదు, ఒక రాయి పడితే మళ్ళ పెట్టుకుంటం. కాని సందులల్ల తేళ్ళు, పాములు కాపురం పెడతయ్, బావి దిక్కు, బట్టలు ఆరేసే దిక్కు పెట్టకు.

అన్నిటి కంటె నాకు ఇష్టమైంది చివరికి చెప్తున్న. జాలి లోపల అడుగు ఎడం ఇచ్చి చెట్ల కంచె పెట్టు. తీగ ఎన్నేండ్లు నిలిచినా ఒకనాడు పోతది. ఆ నాటికి చెట్టు చేతికొస్తది. చెట్లెందుకు, ఎండు కంప పేర్చితే చాలదా అంటవేమో, అది ఎందుకు వద్దో ఒక పెద్ద కథ ఉన్నది. తెల్లదొరలు ఉప్పు పన్ను కోసం దేశం నడుమ ఒక కంచె వేసిన్రు తెలుసా? 1869 నాటికి సింధు నది కాడి నుంచి ఒడిశాల మహానది దాక 2,300 మైళ్ళ సుంకం గీత, దానికి పన్నెండు వేల దాక కావలి మనుషులు. మొదట్ల ఎండు ముండ్ల కంప పేర్చిన్రు. చెదలు తిన్నయ్, నిప్పు అంటుకున్నది, గాలికి లేచిపోయింది, ఏటా బండ్లకు బండ్లు కంప మోసిన్రు. ఆ సుంకాల మీద అధికారిగ ఉన్న హ్యూమ్, అదే 1885 ల కాంగ్రెస్ పెట్టినోళ్ళల్ల ఉన్న హ్యూమ్, లెక్కలు వేసి చూసి పచ్చి చెట్ల కంచె దిక్కు మళ్ళిండు. రేగు, వాక, తుమ్మ, జెముడు, ఏ నేలకు ఏది ఆగితే అది. ఉప్పు మీద అంత పన్ను వేసుడు పాపమే, 1879 ల ఆ గీతను ఎత్తేసిన్రు కూడ. కంచె తెలివి మాత్రం మనకు మిగిలింది.

ఏ చెట్టు పెట్టాలన్నది ఆలోచించి పెట్టాలె. సర్కారు తుమ్మ ఒద్దే ఒద్దు. 1870ల చివర్ల అమెరికా దిక్కు నుంచి విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురం కాడ నాటిన్రు, అక్కడి సంది చెరువులు, బంచరాయిలు ఎట్ల నిండినయో చూస్తున్నం. బ్రహ్మజెముడు కూడ ఒకప్పుడు కంచె కోసం పెట్టిందే, దక్షిణ దేశంల పొలాలను కమ్మేస్తే 1920లల శ్రీలంక నుంచి పురుగును తెచ్చి వదిలి దాన్ని అణిచిన్రు. కాడజెముడు పాలు కంట్ల పడితే కన్ను మండుతది, పిల్లలున్న ఇంటికి వద్దు.

వావిలి పెట్టు. వానకాలం మొదట్ల కొమ్మలు కోసి జానెడున్నర ఎడంగ గుచ్చితే చాలు, నాటుకుంటది. మేక ముట్టదు, ఆకు బాలింతల స్నానానికి అక్కరకొస్తది. బజారు దిక్కు వాక్కాయ పెట్టు, ముండ్లు గట్టి, కాయ పప్పుల వేసుకోవచ్చు. గుట్ట దిక్కు రాళ్ళ నేల ఉన్న మూలకు సీతాఫలం. మన దిక్కు గుట్టలల్ల నీళ్ళు పోసేటోళ్ళు లేకున్నా కాస్తది చూడు, పశువులు దాని ఆకు తినవు. మొదటి రెండు ఎండకాలాలు నీళ్ళు పొయ్యాలె, ఏడాదికి ఒకసారి కత్తిరించాలె, అంతే దాని చాకిరి. మొదటి ఏడు నడుమెత్తు ఉన్నప్పుడే కొసలు కత్తిరించు, లేకుంటే పైకి పెరిగి అడుగు బోడి అయితది, మేక అడుగు నుంచే దూరుతది. కోతులను మాత్రం ఏ కంచె ఆపదు, దానికి మనిషి కావలే.

గేటు మరిచిన. గేటు బరువు మోసే కడీ అన్నిట్ల మందమైంది ఏరి పెట్టు, గేటు కొస దిక్కు అడుగున చిన్న చక్రం పెట్టించు, బరువంతా కీలు మీద పడదు. ఎద్దుబండి పట్టేంత వెడల్పు ఉంచు, రేపు పేడ ఎరువు లోపలికి తెచ్చుకోవాలె కదా.

అన్నను ఆదివారం నాడు మా ఇంటికి పంపు, కడీల లెక్క వేసుకుందం. మాకూ బావి దిక్కు పది కడీలు కావాలె, ఒక్క లారీల తెప్పించుకుంటే కిరాయి సగం సగం పడుతది. మైలుతుత్తం మా ఇంట్ల ఉన్నది, దుకాణం నుంచి తీగ తునకలు మాత్రం నువ్వు తీసుకురా.